మొదటి పుల్ల

వర్జ్యం వెళ్లేదాకా నర్సరీ మడిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదని చెప్పి మేస్త్రీ పోలారావు జీడిచెట్టు నీడకు పోయాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. జూన్ నెల దాటిపోతున్నా వాన పడలేదు. పూండి స్టేషను వైపు నుంచి వచ్చే గాలిలో ఇసుకే తప్ప చల్లదనం లేదు. తుఫానుకు తలలు విరిగిన కొబ్బరిచెట్లు అయిదేళ్లయినా అలాగే మొండిగా నిలబడి ఉన్నాయి.

బొడ్డమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని నూతి దగ్గర నుంచి వస్తోంది. పొద్దుటి నుంచీ ఇదే పని. ఇసుక కాలుతోందో లేదో ఆమె గమనించడం మానేసి చాలా కాలమైంది. తొట్టె దగ్గర ఆగి, నీళ్లు ఒంపి, మళ్లీ నూతి వైపు తిరిగింది.

మడి తయారుగా ఉంది. తెల్లవారుతూనే గెడ్డ వాగు ఒడ్డున వావిలి కొమ్మలు, అడ్డసరం కొమ్మలు కోసుకొచ్చి, జానెడేసి పుల్లలుగా నరికింది బొడ్డమ్మే. కింది కొస ఏటవాలుగా, పై కొస తిన్నగా కోసింది. అలా కోస్తేనే ఏ కొస మట్టిలోకి వెళ్లాలో, ఏ కొస పైకి ఉండాలో తెలుస్తుంది. ఆకులు దూసేసి, పైకొసకు పేడ అద్ది, తడిగోనెలో చుట్టి నీడన పెట్టింది.

మొదటి వరుస పుల్లలు మాత్రం గోనెలో లేవు. వాటికి పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, ఇత్తడి పళ్లెంలో పేర్చారు. పళ్లెం ఎండలో ఉంది. మంచి ఘడియ వచ్చేదాకా అవి సూర్యుడి కంటబడుతూ ఉండాలట. పళ్లెం పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని బొడ్డమ్మ తోటికోడలు దమయంతి కూర్చుంది. ఈ నర్సరీలో మొదటి పుల్ల గుచ్చేది ఆమే.

"ఇంకా ఎంతసేపే?" అంది మొక్కల సంచుల్లో మట్టి నింపుతున్న ముసలి కాములమ్మ.

"మేస్త్రీనడుగు పిన్నీ. పంచాంగం ఆడి సేతిలో ఉంది," అంది దమయంతి.

"ఆడికి పంచాంగం సదవడం వొచ్చేటి? నోట్లో సుట్ట అయిపోయేదాకా వర్జ్యమే."

ఆడవాళ్లు నవ్వారు. పోలారావు వినపడనట్టు అటు తిరిగి కూర్చున్నాడు. బొడ్డమ్మ నవ్వలేదు. ఆమెకు కోపమూ లేదు. పళ్లెంలో పుల్లల తొక్క ముడతలు పడుతోంది. అవి బతకవని ఆమెకు తెలుసు. దమయంతికి తెలుసు. అందరికీ తెలుసు.

చుట్ట అయిపోయింది. పోలారావు లేచి పంచె దులుపుకున్నాడు.

"ఒలే బొడ్డీ, నువ్వు నూతికాడికెల్లు."

అప్పటికే ఆమె వెళుతోంది. వెనక కొబ్బరికాయ పగిలింది. దమయంతి మొదటి పుల్ల గుచ్చింది. తరువాత ఆ వరుసంతా గుచ్చింది. బొడ్డమ్మ నీళ్లతో తిరిగొచ్చేసరికి దమయంతి చెయ్యి కడుక్కుని పక్కకు తప్పుకుంది. పోలారావు జీడిచెట్టు కిందకు వెళ్లిపోయాడు. బొడ్డమ్మ బిందె దించి, గోనె విప్పి, రెండో వరుస మొదలుపెట్టింది.

కర్రతో చిల్లు చేసి, పుల్లను కాస్త వాలుగా దించి, రెండు కణుపులు మట్టిలో దిగాక బొటనవేలితో చుట్టూ అదమాలి. లోపల గాలి మిగిలితే పుల్ల కుళ్లిపోతుంది. ఆమె వేలికి అది తెలుసు. కళ్లు ఎక్కడ చూస్తున్నా వేలు అదుముతూనే ఉంటుంది. పొద్దువాలేసరికి మడంతా ఆమె గుచ్చేసింది. పైన కొబ్బరాకు తడకలు కప్పింది.

ఎప్పుడూ ఇంతే. నెలన్నర పోయాక రెండో వరుస నుంచి చివరి వరుసదాకా చిగుళ్లు వేస్తాయి. మొదటి వరుస ఎండి ఉంటుంది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే బొడ్డమ్మ ఆ పుల్లలు పీకేసి, తన వరుసల్లోంచి కొన్ని మొక్కలు తెచ్చి అక్కడ పాతుతుంది. మర్నాడు పోలారావు వచ్చి, "మొదటి వరస సూడండర్రా, ఎలగ లేసిందో! దమయంతి సెయ్యి మంచిది," అంటాడు. దమయంతి తలవంచుకుంటుంది. పుల్ల గుచ్చేవాళ్లకు రోజుకు నలభై అయిదు రూపాయలు, నీళ్లు మోసేవాళ్లకు ముప్పై అయిదు. శనివారం నాడు బొడ్డమ్మకు నీళ్ల కూలి ఇస్తారు.

మొదట్లో ఒకసారి అడిగింది.

"మడంతా నాను గుచ్చినాను గదా మేస్త్రీ."

"గట్టిగా అనకే. ఆ మాట కంట్రాట్రు సెవిలో పడితే ఈ మొక్కలు ఎవులు కొంటారు? నిన్ను పనిలో ఉంచినందుకు సంతోసించు. నీకోసరమే సెప్తన్నాను."

తరువాత అడగలేదు.

రెండేళ్ల కిందట మొదటి పుల్ల గుచ్చింది బొడ్డమ్మే. అప్పుడు ఆమె చెయ్యి మంచి చెయ్యి. ఊళ్లో ఎవరు పాదు పెట్టినా, బెండ విత్తినా ఆమెను పిలిచి ముందు ఒక గింజ వేయించుకునేవారు. తరువాత ఆమె భర్త ఢిల్లీరావుకు కాళ్లు వాచాయి. అన్నం సయించలేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కిడ్నీలు పోయాయన్నారు. ఊళ్లో అప్పటికే అలా పోయిన వాళ్లున్నారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. జీడితోట అమ్మారు, కొన్నాళ్లు మిషను మీద రక్తం కడిగించారు. అతను పోయాడు. పదో రోజున ఆడవాళ్లు గోడకు వేసి ఆమె గాజులు పగలగొట్టారు. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి చెడ్డ చెయ్యి అయింది. వేళ్లు అవే. వావిలి పసరుకు నల్లబడిన గోళ్లు అవే.

ఆమె ఏడవాల్సిందంతా ఆసుపత్రిలోనే ఏడ్చేసింది. ఇప్పుడు ఎవరు ఏమన్నా లోపల ఏమీ కదలదు. నీళ్లు తెమ్మంటే తెస్తుంది. అవతలికి పొమ్మంటే పోతుంది.

ఆ సాయంత్రం తడకలు కప్పుతుండగా ఉదయ్ భాస్కర్ మోటారు సైకిలు మీద వచ్చాడు. విశాఖపట్నంలో కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. చొక్కా లోపలికి దోపుకుని, తెల్ల రుమాలు మెడకు చుట్టుకుని ఉన్నాడు. మంచివాడే. కూలివాళ్లను కూడా మీరు అంటాడు.

"రేపు పొద్దున్నే లారీ వస్తుంది పోలారావూ. సంచుల్లోకి మార్చిన మొక్కలన్నీ ఎక్కించేయాలి. అక్కడ రెండు వానలు పడ్డాయి. కొండవాలు మట్టి మళ్లీ జారింది."

పట్నంలో రోడ్డు కోసం కొండను తొలిచారు. వాన పడితే ఆ వాలు జారి కింద ఇళ్ల మీద పడుతోంది. ఎక్కడివో అందమైన మొక్కలు తెచ్చి వేస్తే కొన్ని ఎండిపోయాయి, మిగిలినవి మేకలు తినేశాయి. ఈ నేలలో పుట్టిన పొదలైతే వేళ్లు దిగి మట్టిని పట్టుకుంటాయని, వావిలినీ అడ్డసరాన్నీ మేకలు ముట్టవని పెద్ద ఆఫీసరెవరో చెప్పాడట. అప్పటి నుంచి గెడ్డ ఒడ్డున ఎవరికీ పట్టని కంపకు లారీలు వస్తున్నాయి.

ఉదయ్ భాస్కర్ ఒక సంచి చింపి మొక్కను బయటికి తీశాడు. తెల్లని వేళ్లు మట్టి ముద్ద చుట్టూ అల్లుకుని ఉన్నాయి. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మిగతా రెండు నర్సరీల్లో సగం కూడా రాలేదయ్యా. ఇక్కడ అన్నీ వచ్చాయి. ఇవి గుచ్చింది ఎవరు?"

"దమయంతండి," అన్నాడు పోలారావు వెంటనే. "ఇలారా దమయంతీ. సారుకి దండం పెట్టు."

దమయంతి వచ్చి చేతులు జోడించింది. బొడ్డమ్మ పది అడుగుల అవతల తడక పట్టుకుని నిలబడి ఉంది.

"చూడండమ్మా," అన్నాడు ఉదయ్ భాస్కర్. "కొండమీద వేసినవాటిలో చచ్చిపోయినవి తీసి కొత్తవి పెట్టాలి. అక్కడే చిన్న మడి వేసి పుల్లలు గుచ్చాలి. ఏడాది పని. నెలకు రెండు వేలిస్తాం. రేకుల షెడ్డులో గది ఉంది, ముందే మునిసిపాలిటీ కొళాయి ఉంది. పిల్లలుంటే పక్కనే బడి. రేపు లారీలో వచ్చేయండి."

కొళాయి అన్న మాట దగ్గర బొడ్డమ్మ తల ఎత్తింది.

ఊరి నూతి నీళ్లే మనుషుల్ని తినేస్తున్నాయని కొందరంటారు. కాదు, కొబ్బరితోటలకు కొట్టే మందు అని కొందరంటారు. పరీక్షలకని సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి ఏమీ చెప్పలేదు. ఆమె కూతురు లక్ష్మీప్రియకు పదేళ్లు. బడి నుంచి వస్తూనే చెంబెత్తి గటగటా తాగుతుంది. ఆ పిల్ల గొంతు కదలడం చూస్తున్నప్పుడు మాత్రమే బొడ్డమ్మ చేతిలో పని ఆగిపోయేది.

"మాటాడవేటి? సారు అడుగుతన్నారు," అన్నాడు పోలారావు.

దమయంతి బొడ్డమ్మ వైపు చూసింది. బొడ్డమ్మ కూడా ఆమె వైపు చూసింది.

"ఇంటికాడ అడిగి సెప్తానండి," అంది దమయంతి.

దీపాలు పెట్టే వేళకు తోటికోడళ్లు ఇద్దరూ నూతి దగ్గర కలిశారు. ఇళ్లు పక్కపక్కనే. మధ్యలో దడి మాత్రమే ఉంది.

"మీ మరిది ఎల్లమంటన్నాడప్పా," అంది దమయంతి చేద వదులుతూ. "నెలకి రెండేలంటే వొదులుతాడేటి? ఆడు కూడా నాతోటి వొచ్చీసి పట్నంలో ఆటో నేర్సుకుంటాడట."

"ఎల్లు మరి."

"ఎల్లి ఏటి సెయ్యాలి? నా సేత్తో గుచ్చిన పుల్ల ఒక్కటైనా బతికిందా?"

"నీడనెట్టుకో. ఎండలో ఎట్టకు. బొటనేలుతో గట్టిగా అదుము."

"అదుము, అదుము! ఎంత అదిమినా నాకు రాదు." దమయంతి చేద తాడు వదిలేసి గట్టు మీద కూలబడింది. "నాకు తిట్టాలనుంది నిన్ను. సారు అడిగినప్పుడు నోరెందుకు ఇప్పలేదు?"

"నువ్వెందుకు ఇప్పలేదు?"

దమయంతి నూతిలోకి చూసింది. చేద నీళ్లలో మునిగిన చప్పుడు వినిపించింది.

"సెప్తే ఏటవుతాది? రేపు పట్నంలో పెద్ద పూజ సేసి ఏత్తారట ఆ మొక్కలు. ముండమోపి సెయ్యి ఎట్టిందంటే లారీ ఎక్కనిత్తారా? నీకూ పనుండదు, నాకూ పనుండదు. మేస్త్రీ మనిద్దర్నీ ఎల్లగొడతాడు." అని, వెంటనే నాలిక కరుచుకుంది. "ఆ మాట నాను అనలేదప్పా. ఊరు అంటాదని..."

"అంటాది," అంది బొడ్డమ్మ.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. దమయంతికి అది చూసే భయం వేసింది. తిట్టినా బాగుండును.

"పోనీ లచ్చిమిప్రియని నాతో అంపు. నా పిల్లల్తో పాటు సూసుకుంటాను."

బొడ్డమ్మ బిందె ఎత్తుకుంది. దడి దాటాక ఆగి, "దానికి రాత్తిరి ఏలు పట్టుకుంటే గానీ నిద్దర రాదు. నా ఏలు," అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

లక్ష్మీప్రియ అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. తల్లి బిందె దించగానే లేచి వచ్చి చెంబు ముంచింది.

"నీరు కాసీదాకా ఆగు."

"దాహమేత్తందమ్మా."

"ఆగమన్నాను."

పిల్ల ఆగలేదు. తాగింది. తల్లి చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. ఇసుకలో చక్రాలు కూరుకోకుండా డ్రైవరు రామూర్తి కొబ్బరి మట్టలు పరిపించి లోపలికి తెచ్చాడు. నర్సరీ నుంచి రోడ్డుకు వెళ్లడానికి ఒకటే దారి. రెండు పక్కలా జీడిచెట్లు.

ఆడవాళ్లు వరసగా నిలబడి సంచులు అందించారు. బొడ్డమ్మ కూడా అందించింది. సంచులు ఎక్కించడానికి ఆమె చెయ్యి పనికొస్తుంది. లారీ అడుగున తడిగోనె పరిచి, వరుసకు వరుస ఆనించి, పైన మళ్లీ నీళ్లు చల్లింది. వావిలి వాసన లేచింది. లక్ష్మీప్రియ పుట్టినప్పుడు బాలింత స్నానానికి ఆ ఆకులే నీళ్లలో మరిగించారు. ఆ సంగతి గుర్తొచ్చింది, పోయింది.

దమయంతి కొత్త చీర కట్టుకుని, రేకు పెట్టెతో వచ్చింది. చేతినిండా ఎర్ర గాజులు. మగడూ పిల్లలూ ఆదివారం రైల్లో వస్తారట. ఆమె బొడ్డమ్మ ముఖం వైపు చూడకుండా వెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది.

"ఏటమ్మా, పట్నం దొరసానివైపోతన్నావ్," అంది కాములమ్మ కింద నుంచి. "మమ్మల్ని మర్సిపోకు. నాకో సుట్టల కట్ట అంపు."

"అంపుతాను పిన్నీ," అంది దమయంతి.

రామూర్తి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పోలారావు కొబ్బరికాయకు హారతి వెలిగించాడు. ఉదయ్ భాస్కర్ చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"బొడ్డీ! పాకెనక్కెల్లు."

ముందు వెళ్లిన లారీలన్నిటికీ ఆమె దారి అవతలి నర్సరీ పాక వెనక్కే వెళ్లింది. ఎదురు రాకూడదు, కంటపడకూడదు. అక్కడ కొబ్బరాకు గోడను చూస్తూ నిలబడేది. కాయ పగిలిన చప్పుడు, హారను, చక్రాల కింద మట్టలు విరిగే చప్పుడు వినేది. అన్నీ అయిపోయాక బయటికి వచ్చి బిందె ఎత్తుకునేది.

ఈసారీ బయలుదేరింది. చంకలో బిందె ఉంది. పాక వైపు వెళ్లాలంటే లారీ ముందు నుంచే దారి దాటాలి. దారి మధ్యదాకా వచ్చింది. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో ఆమెకు తెలియదు. లారీలోంచి నీళ్లు బొట్లు బొట్లుగా ఇసుకలో పడుతున్నాయి. అద్దం వెనక దమయంతి కనిపిస్తోంది. బొడ్డమ్మ బిందె కింద పెట్టి, లారీకి ఎదురుగా తిరిగి నిలబడింది.

"ఏటే? సెవుడేటి? ఎల్లమన్నాను!"

"ఎల్ను."

ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. పోలారావుకు వినపడలేదు. వినపడినా అర్థమయ్యేది కాదు.

"ఏటన్నావు?"

"నాను ఎల్ను."

ఆడవాళ్లు చేతులు ఆపేశారు. పోలారావు హారతి పళ్లెంతోనే రెండడుగులు ముందుకు వచ్చి, గాలికి కర్పూరం ఆరిపోతుంటే అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"సుబమా అని బండి కదులుతుంటే ఎదురుగా నిలబడతావేటే దరిద్రగొట్టుదానా! తప్పుకో!"

"ఏమైంది పోలారావూ?" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ఏటీ లేదండి. మొగుడు పోయింది, నీళ్లు మోసేది. పక్కకెల్లమంటే..."

ఉదయ్ భాస్కర్‌కు అర్థమైంది. ఇబ్బందిగా గడియారం చూసుకున్నాడు. "నాకు ఇలాంటి నమ్మకాలేం లేవమ్మా," అన్నాడు మెత్తగా. "కానీ వీళ్లందరికీ పట్టింపు కదా. రెండు నిమిషాలు పక్కకు వెళ్లండి. బండి వెళ్లిపోతుంది. మీకు పోయేదేముంది?"

బొడ్డమ్మ అతని వైపు చూసింది. చేతులు ముందుకు చాపింది. నల్లబడిన గోళ్లు, కాయకాచిన బొటనవేలు.

"ఆ మొక్కలు నాను గుచ్చినాను బాబూ," అంది. "అన్నీ."

"అబద్దం!" అని పోలారావు అరిచాడు. "అడగండి సారూ, అందర్నీ అడగండి. మొదటి పుల్ల ఎవులు గుచ్చినారు?"

"మొదటి వరస దమయంతి గుచ్చింది. ఆ వరస సచ్చిపోతాది. మిగతాది నాను గుచ్చినాను."

కాములమ్మ మట్టి చేతులతో కొంగు సర్దుకుని, "అయితే ఇన్నాళ్లూ మనం ఏటి సూత్తన్నామర్రా?" అంది, ఎవరి వైపూ చూడకుండా. పోలారావు ఆమె వైపు ఉరిమి చూశాడు. ఆమె నోరు మూసుకుంది గానీ, తల దించలేదు.

రామూర్తి ఇంజను ఆపలేదు. ఒకసారి హారను కొట్టాడు. బొడ్డమ్మ కదలలేదు. ఇంజను అదురుకు లారీ మీద మొక్కలన్నీ సన్నగా ఊగుతున్నాయి. కర్పూరం ఆరిపోయింది. పోలారావు చొక్కా జేబులో అగ్గిపెట్టె వెతుక్కుంటూ తిడుతున్నాడు. ఉదయ్ భాస్కర్ చెప్పులు వేసుకోవాలో వద్దో తెలియక ఇసుక మీద కాళ్లు మార్చుకుంటున్నాడు.

బడికి వెళ్లే పిల్లలు దారి చివర ఆగి చూస్తున్నారు. వాళ్లలో లక్ష్మీప్రియ ఉందో లేదో ఇక్కడి నుంచి తెలియడం లేదు.

లారీలో దమయంతి చెయ్యి తలుపు గొళ్లెం మీదికి వచ్చింది. ఎర్ర గాజులు రేకుకు తగిలి గలగలమన్నాయి. ఆ చెయ్యి తలుపు తీయడానికి వచ్చిందో, గట్టిగా బిగించుకోవడానికి వచ్చిందో బొడ్డమ్మకు తెలియలేదు. రామూర్తి మళ్లీ హారను కొట్టాడు. ఆమె కాళ్ల కింద ఇసుక అప్పుడే కాలడం మొదలుపెట్టింది.